స్తంభానికి చుట్టిన వైరు

ఇంటర్నెట్ ఆఫీసు సారు గారికి నమస్కారం.

టేకులపల్లి అవతల, మా ఊరి పొలిమేరలో మీరు దింపిపోయిన వైరు చుట్టను ఎవరు కోశారని అడిగారట. మా వాళ్లే కోశారు.

ఆ రోజు వాన పడుతుండగా మా ఆయనకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సుకు ఫోన్ చేద్దామని సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాను. దిగి వచ్చేసరికి ప్రాణం పోయింది. ఆ వానలో పాడె కట్టడానికి తాడు దొరకలేదు. "గా వైరే కోసుకరాండ్రి, ఏం జేస్తం" అన్నాడు మా మామ.

చితి మీద పెట్టేముందు వైరు విప్పారు. పాడె కట్టినది ఇంటికి తేకూడదు కనుక మీ స్తంభానికే చుట్టి ఉంచారు. తీసుకుపోండి.

నెట్ వస్తే ఇంట్లోంచే ఫోన్ కలుస్తుందని కనెక్షన్ ఆయనే రాయించుకున్నాడు. దాన్ని నా పేరుకు మార్చండి. మా మామకూ ఆయాసం ఉంది.

మా ఇంటికి మాత్రం వేరే వైరు వేయండి.

ఇట్లు,
సారంగపాణి భార్య