ఇంట్లో ఆడమనిషి ఉంది కదా అన్నారు

అన్నయ్యా,

నువ్వు పోయిన ఏడాదికి, ఈరోజు రాయగడలో వదినకి నడుం ఆపరేషన్. బీమావాళ్లు గంటలో ఒప్పుకున్నారు.

కాళ్లు పడిపోయిన నిన్ను మంచం మీంచి కుర్చీలోకి దించే యంత్రం అడిగితే, అది వైద్యం కాదు, సౌకర్యం అని వీళ్లే తిప్పి పంపారు. "ఇంట్లో ఆడమనిసి ఉంది కదండీ, మిసను దేనికి?" అన్నాడు ఆఫీసరు. వదిన నడుముని కూడా ఇంటి సామాన్లలో రాసుకున్నారన్నమాట! మూడేళ్లు ఆమే నిన్ను ఎత్తింది. ఆడదాని నడుం విరిగితే వైద్యమట, విరగకుండా కాపాడితే సౌకర్యమట. ఇదేం న్యాయం?

ఇందాక వార్డు ఆయాలిద్దరు వదినని స్ట్రెచర్ మీదికి ఎత్తబోయారు. అంత నొప్పిలోనూ ఆమె వాళ్లనే కసిరింది: "అలా వంగి ఎత్తీకండమ్మా, నడుం పోతాది. మోకాళ్లు వంచండి."