చింపకూడని కాగితం

ఇంగ్లీషువాళ్ల కార్లైల్ కోటలో, రాజు మీద తిరగబడ్డారని మా లోయ మగవాళ్ల విచారణ సెప్టెంబరు తొమ్మిదిన మొదలవుతుంది. ఇక్కడి నుంచి అక్కడికి తొమ్మిది రోజుల నడక. నేను వెళ్లి, న్యాయమూర్తుల ఎదుట నిలబడి, నా చేత్తో నేను రాసిన జాబితా అబద్ధమని ప్రమాణం చేయాలి. వెళ్తే నరుకుతామని మా దొర మనుషులు చెప్పారు. వాళ్లని తప్పించుకున్నా, దారి పొడుగునా రాజుగారి ఎర్రకోట్ల సిపాయిలున్నారు. బతికి చేరతానన్న నమ్మకం లేదు కనుక ఈ వీలునామా ఇవాళే రాస్తున్నాను.

ఆరద్ లోయ నేతగాడు, కీర్తిశేషుడు ఈవర్ మెక్‌ఫేల్ కూతురినైన బేహక్ అనే నేను, వయసు ఇరవై, అవివాహితను, స్వస్థచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాసిన వీలునామా ఇది. ‘ఎవరి బలవంతమూ లేకుండా, తన ఇష్టప్రకారం’ అన్న మాటలు ఇంతకు ముందు ఇరవైమూడుసార్లు రాశాను. అందులో ఇరవైరెండుసార్లు అబద్ధం. ఇప్పుడు నిజం.

దీన్ని అమలు చేయవలసినవారు ఇద్దరు. నాకు చదువు చెప్పిన వాల్టర్ టాడ్ మాస్టారు ఒకరు. సరస్సు మీద పడవ నడిపే రానల్ట్ ఇంకొకరు. మాస్టారు ఇప్పుడు గద్దె మీదున్న జార్జి రాజు పక్షం. రానల్ట్‌ది ఏ పక్షమూ కాదు. దాటించమన్నవాళ్లందర్నీ దాటిస్తుంది, తిట్టవలసినవాళ్లందర్నీ తిడుతుంది.

1. నా శవం దొరికితే నాన్న పక్కన పాతిపెట్టాలి. దొరక్కపోతే వెతకవద్దు. వెతికేవాళ్లకి వేరే పనులున్నాయి.

నాన్న ఎలా పోయాడో ఇందులో ఉండాలి, ఎందుకంటే ఆ జాబితా సిపాయిలకి దొరికింది ఆ రోజే, నా వల్ల. గద్దె దిగిన పాత రాజవంశాన్ని మళ్లీ ఎక్కించడానికి నిరుడు యువరాజు సముద్రం దాటి వచ్చాడు. మా కొండవాళ్లు ఆయన వెంట లేచారు. ఈ ఏప్రిల్‌లో కలోడెన్ బీడు మీద గంట లోపల అంతా అయిపోయింది. మా దొర గిలేస్పిక్, ఈ లోయ మొత్తం కౌలుకు తీసుకుని మమ్మల్ని ఏలినవాడు, కొండల్లోకి పారిపోతూ నాకు కబురు పెట్టాడు: “కాగితాలన్నీ పొయ్యిలో పెట్టు పిల్లా. ముక్క మిగిలినా మెడలు పోతాయి.” అన్నీ కాల్చాను. ఒక్కటి కాల్చలేదు. అది మా లోయ నుంచి యువరాజు సైన్యంలో చేరిన ఇరవైమూడు మంది జాబితా. అంత అందంగా నేనెప్పుడూ రాయలేదు. మా ఇంట్లో పుట్టి కలం పట్టినదాన్ని నేనొక్కదాన్నే. ఆ అక్షరాలు మంటలో వేయడానికి చెయ్యి రాలేదు. పిండిపెట్టె అడుగున దాచాను.

మే నెలలో సిపాయిలు వచ్చారు. వాళ్లకి కావలసింది తిండి, కాగితం కాదు. నాన్న పెట్టెకి అడ్డంగా పడుకున్నాడు. అందులో ఉన్నది పిండి ఒక్కటే అనుకున్నాడు. “ఇది పోతే మాకు గడ్డే గతి బాబూ” అన్నాడు మా భాషలో. వాళ్లకి తెలియలేదు. తుపాకి మడమతో కొట్టిన మొదటి దెబ్బకి దవడ పక్కకి వెళ్లిపోయింది. రెండో దెబ్బకి కన్ను. మూడో దెబ్బ నేను చూడలేదు, విన్నాను. పెట్టె బోర్లిస్తే పిండితోపాటు కాగితం పడింది. ఒకడు పిండి దులిపి చదివి, పక్కవాణ్ణి పిలిచి నవ్వాడు. ఆ రోజు నుంచి ఇరవైమూడు పేర్లూ వాళ్ల చేతిలో ఉన్నాయి. నాన్న ఆ జాబితా సంగతి తెలియకుండానే పోయాడు. అమ్మకి నేనే చెప్పాను.

2. నా బూట్లు గిలేస్పిక్ దొరకి తిరిగి ఇచ్చేయాలి. జాబితా రాసినందుకు ఆయన ఇచ్చినవి. నా కాలికి ఎక్కిన మొదటి బూట్లు.

జాబితా రాసేటప్పుడు ఆయన నా వెనక నిలబడి చెప్పాడు: “ఒక్కొక్కడి పేరు పక్కన ఇష్టప్రకారం వచ్చాడని రాయి. యువరాజు చూస్తాడు. నా మనుషుల్ని నేను గొడ్లలా తోలుకొచ్చానని తెలిస్తే నా పరువేంకాను?” నేను రాశాను. వాళ్లని ఎలా తోలుకొచ్చారో చూసి కూడా రాశాను. నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. దొర ఇంటి బల్ల మీద, దొర సిరాతో రాయడం గొప్పగా అనిపించింది. అంతే.

3. నా రాతపుస్తకం కార్లైల్ న్యాయస్థానానికి చెందాలి. అది ఇప్పుడు రానల్ట్ దగ్గర ఉంది. ఎక్కడ దాచిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. నేను వెళ్లే రోజున నా చేతికిస్తుంది. అప్పటికే నేను చచ్చి ఉంటే తనే తీసుకెళ్తుంది.

మాస్టారి బడిలో మా భాష మాట్లాడితే చెక్కముక్క మెడలో వేలాడదీసి బెత్తంతో కొట్టేవారు. నా వీపు మీద ఆ గుర్తులు ఉన్నాయి. అది నేను మరిచిపోలేదు, ఇక్కడ రాసి పెడుతున్నాను. కాని రోజుకి ఆరు వాక్యాలు అబద్ధం లేకుండా రాయమన్నది కూడా ఆయనే. బడి మానేశాక కూడా రాసేదాన్ని. నెలకోసారి కొండ దాటి వెళ్లి చూపించేదాన్ని. జాబితాలో దొర చెప్పింది రాశాను, పుస్తకంలో చూసింది రాశాను. రెండూ నా చేతివే. రెండింటికీ మధ్య పడుకుని నిద్రపోయాను కూడా.

పుస్తకంలో ఎవరి ఆవు మడమ నరం కోశారో, ఎవర్ని పెళ్లాం ముందు గుంజకి కట్టి కొట్టారో, అంతా తారీఖులతో ఉంది. ఇరవైముగ్గురిలో ఎనిమిదిమంది బీడు మీద చచ్చారు. ఒకణ్ణి గాయాలతో పడుకున్న పశువులకొట్టంలోనే తలుపు బిగించి సిపాయిలు కాల్చేశారు. మా అన్నతో కలిపి మిగిలిన పద్నాలుగుమంది కార్లైల్‌లో ఉన్నారు. బలవంతాన వచ్చినవాళ్లకి ఉరి తప్పుతుందని అంటున్నారు. తిరుగుబాటుదారు చెల్లెలి నోటిమాట ఎవరూ నమ్మరు. ఓడిపోకముందే రాసిన పుస్తకాన్ని నమ్ముతారు.

అందులో ఒక కాగితం గురించి చెప్పాలి. ముందువైపు ఇలా ఉంది:

“ఆగస్టు 24. గాలి లేదు. మా అన్న లాఖ్లన్‌ని ఎవరూ పిలవలేదు. నాన్న వద్దన్నాడు. అన్న గుమ్మం రాయి మీద తాత కత్తి నూరుకున్నాడు. పాడుకుంటూ దొర ఇంటికి వెళ్లాడు. నాన్న మగ్గం దగ్గర కూర్చున్నాడు కాని నేయలేదు.”

అదే కాగితం వెనకవైపు:

“ఆగస్టు 25. విధవ మార్సలి ముగ్గురు కొడుకులూ రామన్నారు. దొర మనిషి డూగల్ వచ్చి వాళ్ల ఇంటి కప్పుకి నిప్పు పెట్టాడు. మార్సలి అత్తగారు మంచం పట్టి లోపల ఉంది. ఇద్దర్ని లోపలికి పోనిచ్చి మూడోవాణ్ణి పట్టుకున్నారు. ముసలామెని బయటికి తెచ్చేసరికి తల మీద వెంట్రుక లేదు, సాయంత్రానికి పోయింది. ముగ్గుర్నీ ఒకే తాడుకి కట్టి తీసుకెళ్లారు.”

కింద ఎర్ర సిరాతో: “చూశాను. అక్షరాలు కుదురుగా ఉన్నాయి. వా. టా., సెప్టెంబరు 2, 1745.”

మాస్టారూ, మీరు చదివారు. ముసలామె కాలిపోయిందని చదివి, అక్షరాలు కుదురుగా ఉన్నాయని రాశారు. ఆ రోజు నాకు సంతోషం వేసింది. ఇద్దరం ఇద్దరమే. కాని ఆ సంతకం, ఆ తారీఖు లేకపోతే ఈ పుస్తకం నిన్న కూర్చుని అల్లిన కథ అంటారు.

4. ఇల్లు, అంటే సిపాయిలు కాల్చగా మిగిలిన గోడలు, తలుపు, నాన్న మగ్గం సామాను, తిరగలి, పొదల్లో దాచిన కోడిపెట్ట, అన్నీ అమ్మవే. నా మంచి దుప్పటి కూడా.

అమ్మ నాతో నాలుగు రోజులుగా మాట్లాడడం లేదు. అంతకు ముందు చెప్పవలసిందంతా చెప్పింది. “ఆ ఒక్క కాగితం చింపెయ్యవే. మిగతా పుస్తకం ఎత్తుకుపో. పదిమందిని నమ్మినవాళ్లు మనవాణ్ణి నమ్మరా? మీ నాన్నని నీ రాత మింగింది. అన్నని కూడా మింగితే గాని దాని కడుపు నిండదా?” చింపితే వెనక ఉన్న ముగ్గురూ పోతారని అన్నాను. “వాళ్లని నేను కన్నానా?” అంది. ఆ మాట అన్నాక కొంగు నోట్లో కుక్కుకుంది, ఎందుకంటే మార్సలి గుమ్మంలో నిలబడి ఉంది. నిప్పు కోసం వచ్చింది. మార్సలి పిడతలో నిప్పులు ఎత్తుకుంటూ అంది: “నీకు ఒకడు, నాకు ముగ్గురు. నేను వచ్చి నీ కూతురి కాళ్లు పట్టుకోను, నిన్ను పట్టుకోవద్దనీ అనను. ఏది జరిగినా రేపు మళ్లీ నిప్పుకి వస్తాను. తలుపు వేసుకోకు.”

మర్నాడు వచ్చింది. అమ్మ తలుపు తీసే ఉంచింది. నిప్పు ఇచ్చింది, మొహం చూడలేదు.

ఆ వాక్యాల మీద సిరా ఒలికించవచ్చు. అప్పుడు పుస్తకమంతా అనుమానమే. కాగితం చింపితే కుట్టు దగ్గర తెలుస్తుంది. ఏం చింపావని అడుగుతారు. ప్రమాణం చేసి నిలబడి ఏం చెప్పను?

5. అన్న లాఖ్లన్‌కి నేను అల్లిన ఉన్ని మేజోళ్లు రెండు జతలు. కార్లైల్ ఖైదులో నేల తడిగా ఉంటుందని, గడ్డి కుళ్లిపోయి ఇద్దరికి కాళ్లు చీము పట్టాయని అక్కడి నుంచి తప్పించుకొచ్చిన వేరే లోయవాడు చెప్పాడు. మేజోళ్లు ఇచ్చే మనిషి, ఎవరైనా సరే, ఆగస్టు 24 నాటి ఆరు వాక్యాలూ వాడికి చదివి వినిపించాలి. న్యాయస్థానంలో పరాయివాడి నోట మొదటిసారి వినకూడదు. మా భాషలో చెప్పాలి.

వాడు నన్ను ఎప్పుడూ ఏడిపించేవాడు. “నీకు రాసే ఈక, నాకు కత్తి. ఏది ముందు మొద్దుబారుతుందో చూద్దాం పంతులమ్మా.” వెళ్లే రోజు కూడా నా జడ లాగి వెళ్లాడు. ఇది విని ఏమంటాడో నాకు తెలియదు. ‘నన్ను దూడలా లాక్కెళ్లారని చెప్పనందుకు సంతోషం’ అనవచ్చు. అలా అంటాడని అమ్మకి చెప్పలేదు. వాడు అనని మాట వాడి నోట్లో పెట్టి నా పని తేలిక చేసుకోను. వాడికి ఇరవైనాలుగేళ్లు. కార్లైల్‌లో ఉరి తీసి, ఊపిరి ఉండగానే దింపి, పొట్ట చీలుస్తారు. ఇది తెలిసే రాస్తున్నాను.

6. దొరతో ఒకే దాది పాలు తాగి పెరిగిన డూగల్‌కి ఏమీ లేదు. కిందటి వారం పట్టపగలు వచ్చాడు. మాకు మిగిలిన ఒక్క గొర్రెపిల్లని గుమ్మం మీద పడేసి, బతికుండగానే ముందుకాలు ఒక్క వేటుకి నరికాడు. “రాసే చెయ్యి ఏదే నీకు? కుడిదేనా? ముందు అది. నాలిక సంగతి తర్వాత చూద్దాం” అన్నాడు. వెళ్తూ కాలు మా వైపు విసిరి, “ఉడకేసుకోండి” అన్నాడు. అమ్మ ఉడకేసింది. మూడు వారాల తర్వాత మాంసం.

వాడు అన్న ఇంకో మాట కూడా రాయాలి, అది అబద్ధం కాదు కనుక. “మన దొర కొంపలు తగలెట్టాడని ఆ ఇంగ్లీషువాళ్ల ముందు చెప్తావా? వాళ్లు తగలెట్టలేదా?” తగలబెట్టారు. మార్సలి ఇల్లు రెండుసార్లు కాలింది. నిరుడు ఆగస్టులో డూగల్, ఈ మే నెలలో సిపాయిలు. కార్లైల్‌లో రెండూ చెప్తాను. రెండోది వినరని తెలుసు.

7. నా ఈకల కట్ట, చిన్న చాకు, సిరాబుడ్డి రానల్ట్‌కి. “నాకెందుకే, వీపు గోక్కోనా?” అంది. గోక్కోవచ్చు.

ఆరద్ లోయ, 1746 ఆగస్టు 19.

సంతకం: బేహక్ మెక్‌ఫేల్.

సాక్షులు:
రానల్ట్, పడవ నడిపే ఆమె. గుర్తు పెట్టింది.
మార్సలి, విధవ. గుర్తు పెట్టింది. 4, 5 అంశాలు విన్నాక పెట్టనంది. అమ్మ పెట్టమంది.
ఈవర్ భార్య, నా తల్లి. మొత్తం చదివి వినిపించాను. గుర్తు పెట్టలేదు.

మాస్టారికి: దీన్ని రానల్ట్ మీ చేతికే ఇస్తుంది. మీరు కార్లైల్ వచ్చి ఆ ఎర్ర సిరా మీదేనని చెప్పాలి. చెప్తే, యువరాజు కోసం మనుషుల్ని పోగు చేస్తున్న సంగతి తెలిసి కూడా మీరు సర్కారుకి ఎందుకు చెప్పలేదని అడుగుతారు. బడి పోవచ్చు, అంతకంటే ఎక్కువే పోవచ్చు. అది తెలిసే అడుగుతున్నాను. ఒక కాగితాన్ని నిజం చెడకుండా, ముందువైపు దాచి వెనకవైపు మాత్రమే చూపించే దారి మీకు తెలిస్తే అది కూడా రాయండి. నాకు తెలియలేదు. తెలియకపోతే ఓదార్పు రాయవద్దు. వస్తాననో రాననో ఒక్క వాక్యం చాలు. ఆగస్టు ఇరవై ఎనిమిది లోపల జవాబు రానల్ట్ చేతికి ఇవ్వగలరు. ముప్పైయవ తేదీ పొద్దున్నే బయల్దేరుతున్నాను.