చెన్నకేశవ తోటలో గుంతలు

బావకు మునెమ్మ నమస్కారాలు. ఇక్కడ నేను, ఎద్దులు, గొర్రెలు అందరం క్షేమం. ఢిల్లీలో నీ ఆరోగ్యం ఎలా ఉందో, ఆ చపాతీలకు నీ కడుపు అలవాటు పడిందో లేదో రాయగలవు. ఎంపీగారిని ‘మీరు’ అనాలని పోస్టుమాస్టరు నాకు బుద్ధి చెప్పాడు. చిన్నప్పటి నుంచి కలిసి గొర్రెల దొడ్డి ఊడ్చిన మేనత్త కొడుకును ‘మీరు’ అనడానికి నాకు కలం సాగలేదు.

పోయిన ఉత్తరంలో బావి మోటారు సంగతి అడిగావు. కాలిపోతే మన డ్రైవరు మౌలాలి దాన్ని జమ్మలమడుగు తీసుకుపోయి బాగు చేయించి తెచ్చాడు. జీపు నడిపేవాడికి మోటార్లూ తెలియడం మన అదృష్టం. చీనీ తోట అడిగావు. మన తోట బాగుంది, పిందె నిలిచింది. పులివెందుల బత్తాయి బేరగాళ్లు అప్పుడే వచ్చి చూసిపోయారు. మన తోట అని నొక్కి రాస్తున్నాను.

అమ్మ ఉత్తరం చివర ఒక్క మాటైనా ఎందుకు చెప్పి రాయించలేదని అడిగావు. అత్త క్షేమమే. వేళకు తింటోంది. రాసే సమయానికి ఇంట్లో లేదు, అంతే.

జీపు చప్పుడైతే లేచి వీధిలోకి పోయి చూసి వచ్చాను. పాల జీపు. ఈ మధ్య ఏ బండి పోయినా నాకు కూర్చోబుద్ధి కావడం లేదు. నీకు ప్రభుత్వం ఇద్దరు గన్‌మెన్లను ఇచ్చిందని పేపర్లో చదివాను. లడాక్ మంచులో తుపాకీ మోసినవాడి కోసం ఇప్పుడు వేరేవాళ్లు మోస్తున్నారంటే ముందు నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది.

నీళ్లు నమలడం నాకు చేతకాదు. చెప్పేస్తాను. నువ్వు రైలెక్కిన వారంలోనే ఒకరోజు తెల్లవారగానే మీ చిన్నాయన కొడుకు తిప్పన్న నలుగురిని వెంటేసుకొచ్చి సంగటి పెట్టమన్నాడు. నేను వడ్డిస్తున్నాను. అత్తకు చూపు ఆనకపోతేనేం, ముక్కు బాగానే పనిచేస్తుంది.

“ఏంరా తిప్పన్నా, మీ చేతులు చీనీ పచ్చివాసన కొడతాండాయి. యాడ నరికొచ్చినారు?” అంది.

చెన్నకేశవ తోట. కాపుకొచ్చిన చెట్లన్నీ మొదలంటా కొట్టేశారు. అవతలి పార్టీవాడని కాదు, నీ మీద పోటీ చేసినవాడికి పనిచేశాడని కూడా కాదు.

“అన్న ఊరేగింపు పోతాంటే ఆయప్ప అరుగు మీంచి లేసినాడా, పెద్దమ్మా? ఊరుకుంటే రేపు ఎవుడు లేస్తాడు?” అన్నాడు తిప్పన్న. అంటూనే ఇంకో ముద్ద అడిగాడు.

నేను పెట్టలేదు. నీ గెలుపు కోసం ఊరూరా తిరిగి కాళ్లు వాచిపోయినదాన్ని, అలాంటి నాకే ఆ గెలుపు మీద మొదటిసారి అసహ్యం పుట్టింది.

మిలిటరీ నుంచి వచ్చాక నువ్వు మొదటి గుంత తవ్విన రోజు గుర్తుందా? గొర్రెలు కాసుకునే మనకు చీనీ సాగు ఎక్కడ తెలుసు? చెన్నకేశవ తండ్రే కదా గట్టు మీద కూర్చుని, ఎంత లోతో, ఎంత ఎడమో చెప్పి తవ్వించాడు. అత్త అది మర్చిపోలేదు. తిప్పన్న ఎదుటే లేచి, గొంగడి, రెండు చీరలు మూట కట్టుకుని, మౌలాలి జీపెక్కి నేరుగా చెన్నకేశవ ఇంటికి పోయింది. ఇప్పుడూ అక్కడే ఉంది. నీకు రాయకుండా దాచింది ఇదే.

అక్కడ జరిగింది మౌలాలి చెప్పాడు. చెన్నకేశవ ఆమెను చూసి, “అవ్వా, నువ్వీడికి రాగూడదు” అన్నాడట.

“వచ్చినా గదప్పా. సంగటి పెట్టించు. ఈ ఇంటి ఉప్పు తినాల నేను. మావోళ్లు ఈ ఇంటి మీద బాంబెయ్యాలంటే ముందు నామీద ఎయ్యాల. మీవోళ్లు మా ఇంటి మీదికి పోవాలన్నా నన్ను దాటుకోని పోవాల. నా కొడుకొచ్చి నీ తోటలో గుంతలు తవ్వినంకే లేస్తా” అందట అత్త.

అప్పటి నుంచి చెన్నకేశవ తన కుర్రాళ్లను అదుపులో పెట్టాడు. మనవాళ్లే ఆగడం లేదు. ఎంపీ తల్లి పగవాడి అరుగు మీద సంగటి తింటే పరువు పోయిందని తిప్పన్న జీపులు సిద్ధం చేశాడు. పోయి ఎత్తుకొస్తామన్నాడు. ఆ జీపుల్లో ఏముంటాయో నీకు చెప్పక్కరలేదు. నా మాట అతనికి లెక్కలేదు. నీ మాట ఒక్కటే లెక్క.

అందుకని నీ మాట నేనే చెప్పాను. నీ మిలిటరీ పెట్టె తీసి అడుగున ఉన్న పాత టెలిగ్రాం తంతి తెచ్చి, ‘మీ అన్న పంపాడు’ అని తిప్పన్నకు చదివి వినిపించాను. సెలవు దొరికింది, శనివారం చేరుతున్నాను అని ఇంగ్లీషులో ఉన్నదే చదివాను. ఒక్కడినే వస్తున్నాను, అమ్మను కదిలించవద్దు అని నా సొంతంగా చేర్చాను. తిప్పన్న కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. గండి ఆంజనేయస్వామి తిరనాళ్ల చివరి శనివారమేనా అన్నాడు. అవునన్నాను. జీపులు వెనక్కి పోయాయి. ఆ శనివారం దాటితే ఎవరి మాటా వినేది లేదని చెప్పి మరీ పోయాడు.

బావా, సమావేశాలు జరుగుతున్నాయని నాకు తెలుసు. సెలవు అడుగు. గెలిచినవాడు పోయి పగవాడి తోటలో మట్టి తవ్వాడని నవ్వుతారు, నవ్వనీ. చెన్నకేశవను నమ్ముతాను కానీ కాపు చెట్లు పోగొట్టుకున్న అతని కుర్రాళ్లను పూర్తిగా నమ్మలేను. నాకు భయంగా ఉంది. అయినా రమ్మనే రాస్తున్నాను. గన్‌మెన్లను అక్కడే వదిలేసి రా.

ముద్దనూరు స్టేషనులో ఎదురుకోలుకు జీపులుండవు, దండలుండవు. నేనొక్కదాన్నే ఉంటాను. చీనీ మొక్కల గంప నా నెత్తిన ఉంటుంది, గడ్డపార నువ్వు అందుకోవాలి. అక్కడి నుంచి చెన్నకేశవ ఇంటిదాకా ఇద్దరం నడిచే పోదాం. ఏమన్నా అయితే ఇద్దరికీ అవుతుంది.

ఆ తంతి ఏదో నీకు ఈపాటికి గుర్తొచ్చి ఉంటుంది. మన పెళ్లికి నువ్వు పంపింది. దారిలో వాగులు పొంగి బస్సులు ఆగిపోయాయని, పెండ్లికొడుకు రాడని అందరూ అన్నారు. నువ్వు మోకాళ్లదాకా బురదతో శనివారానికే వచ్చావు.

ఇట్లు,
నీ పేరు మీద అబద్ధమాడి, శనివారం కోసం చూస్తున్న
నీ మేనమామ కూతురు
మునెమ్మ