గీతకు ఇవ్వని ఇంజెక్షన్

మంగళవారం, రాత్రి

ఈరోజు మా వార్డులో పదహారేళ్ల గీతకు అపెండిక్స్ ఆపరేషన్. మత్తు దిగాక వాంతులు రాకుండా మామూలుగా ఇచ్చే ఇంజెక్షన్ మాత్రం ఇవ్వలేదు. ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని పొద్దున అడిగితే, ఐరాల నుంచి వచ్చిన వాళ్లమ్మ "ఎవురికీ లేదు సిస్టరమ్మా" అంది. కానీ ఈసీజీ చూసి, వంశంలో వచ్చే గుండెలయ జబ్బేమోనని మత్తు డాక్టరుగారికి అనుమానం వచ్చింది. ఇంట్లో చిన్నవయసులో ఎవరైనా ఉన్నట్టుండి పడిపోయారేమో మళ్లీ అడగమన్నారు.

"నా పెద్దకొడుకు. అది జబ్బు కాదమ్మా, గాలి సోకింది. రెండుసార్లు పడి లేసినాడు. మూడోసారి లేయలేదు."

అలాంటి గుండె ఆ ఇంజెక్షన్‌తో లయ తప్పొచ్చు. డాక్టరుగారు వేరే మందు ఇచ్చారు. గీత బాగానే ఉంది.

అన్నకూ ఇదే జబ్బు ఉండి ఉండొచ్చని వాళ్లమ్మకు చెప్పింది నేనే. చెప్పకపోతే రేపు ఇంకో ఆసుపత్రిలో మళ్లీ "ఎవరికీ లేదు" అంటుంది. అయినా ఆ ముఖం చూశాక...

చాలాసేపు కూతురి పాదాలు నిమురుతూ కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"గాలి వదలాలని వాన్ని వేపమండలతో కొట్టించినాను. ఆ దెబ్బలన్నీ నా బిడ్డ దేనికి తిన్నట్టు సిస్టరమ్మా?"