ప్యాకెట్ చెడితే ఎవరినీ అనను

మార్చి 4, సోమవారం

ఉదయం 8.30. ఈ రోజు నుంచి ఒక నియమం. ఋజువు చేతికందేదాకా ఎవరినీ తప్పుపట్టను. ఆఫీసులోనూ, ఇంట్లోనూ.

కారణం ఉంది. కిందటి నెల ఏదో లోపానికి పక్క టీమునంతా కడిగిపారేశాను. తీరా చూస్తే అది వాళ్ళది కాదు. ఇప్పుడు లిఫ్టులో నేనుంటే వాళ్ళు మెట్లెక్కి వెళ్తున్నారు.

10.00. నియమానికి తగ్గ పనే తగిలింది. ఒక ఆసుపత్రి స్కాన్ బొమ్మలు మా కంపెనీ తయారుచేసిన నెట్‌వర్క్ పెట్టె గుండా వెళ్తాయి. కొన్నింటి మీద అడ్డగీతలు పడుతున్నాయట. రోగుల్ని మళ్ళీ స్కానుకు పంపాల్సివస్తోంది. శుక్రవారంలోగా బాగుచేయకపోతే పెట్టె పీకేస్తామన్నారు. బొమ్మ ముక్కలుగా, ప్యాకెట్లుగా వెళ్తుంది. నలభై వేలలో ఒకటి చెడిపోతోంది. ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి కెర్నెల్‌లో, ప్యాకెట్లు పంపే భాగం నాదే.

చాలా ప్రశాంతంగా ఉన్నాను.

మార్చి 5, మంగళవారం

11.15. అనుమానితులు: కేబుల్, కేబుళ్ళన్నీ కలిసే స్విచ్, ప్యాకెట్‌ను మెమరీలోంచి చదివి కేబుల్లోకి పంపే నెట్‌వర్క్ కార్డు. జాబితాలో నా కోడ్‌ను చేర్చలేదు. ఏడాదిగా నడుస్తోంది కదా. జాబితా రాసుకోవడం తప్పుపట్టడం కిందికి రాదు.

3.00. ఎదురు సీట్లో టెస్టింగ్ పెద్దాయన. రెండేళ్ళలో రిటైరవుతారు. చెడిన ప్రతి ప్యాకెట్‌నూ నోటుపుస్తకంలో చేత్తో రాసుకుంటున్నారు. కేబుళ్ళు బిగించేదీ ఆయనే. ఊరికే గుర్తొచ్చింది, అంతే.

మార్చి 6, బుధవారం

8.10. ఇంటి తాళాలు కనబడలేదు. ఎక్కడ పడేశారని మా ఆయన్ని అడిగాను. అడగడం వేరు, అనడం వేరు. తాళాలు నా బ్యాగులోనే ఉన్నాయి. ఆయన షూ లేసులు కట్టుకున్నారు, చాలాసేపు.

12.30. చెడిన ప్యాకెట్ మధ్యలో ఇంకో ప్యాకెట్ ముక్క కనిపిస్తోందని పెద్దాయన వచ్చి చెప్పారు. చూస్తానన్నాను. చూడలేదు. స్విచ్ మార్చే హడావుడిలో ఉన్నాను. మార్చినా తేడా లేదు.

మార్చి 7, గురువారం

2.00. మీటింగు. ఎంతవరకు వచ్చిందని బాస్ అడిగారు. అందరూ నావైపే చూశారు.

"కేబుళ్ళు సరిగ్గా బిగించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదండీ," అన్నాను.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

2.40. ఎవరికైనా నోరు జారుతుంది. పైగా ఒత్తిడి. పైగా పేరు పెట్టి అనలేదు.

4.00. నియమం ఎలాగూ పోయింది కదా అని కార్డు తయారుచేసేవాళ్ళకు కూడా ఒక ఘాటు మెయిల్ పెట్టాను.

మార్చి 8, శుక్రవారం

9.30. కార్డువాళ్ళు మర్యాదగా ఒకే ప్రశ్న పంపారు. ప్యాకెట్‌ను కార్డు చదివేశాక మెమరీలో దాని చోటు ఖాళీ చేస్తున్నారా, ముందేనా?

10.10. పెద్దాయన చెప్పిన ప్యాకెట్ ముక్క గుర్తొచ్చింది. నోటుపుస్తకం అడగడానికి మొహం చెల్లలేదు. ఆయనే నా బల్ల మీద పెట్టి టీకి వెళ్ళారు. చెడిన ప్రతి ప్యాకెట్ మీదా తర్వాతి ప్యాకెట్ వచ్చి కూర్చుంది. కార్డు ఇంకా చదువుతుండగానే చోటు ఖాళీ అయిందని ఎవరి కోడో చెప్పేస్తోంది.

10.50. ఏ వరుస ఎవరు రాశారో చూపించే కమాండ్ ఒకటుంది. దాని పేరే 'బ్లేమ్', అంటే నింద. నొక్కాను.

నా పేరు. కిందటేడు మార్చి. పక్కన నేనే రాసుకున్న మాట: "వేగం కోసం."

4.00. రెండు వరుసలు మార్చాను. అప్పటినుంచి పది లక్షల ప్యాకెట్లు వెళ్ళాయి, ఒక్కటీ చెడలేదు. ఆసుపత్రి పెట్టెను ఉంచుకుంటుందట.

4.30. బాస్‌కీ, కార్డువాళ్ళకీ తప్పు నాదని రాశాను. తర్వాత లేచి పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

"మిమ్మల్ని అందరి ముందూ అన్నానండీ. సోమవారం అందరి ముందే తప్పు ఒప్పుకుంటాను."

"ఒప్పుకోమ్మా," అన్నారు. వద్దులే అంటారనుకున్నాను. ఆయన గొంతు తగ్గించి, "నువ్వన్నావని నలభై కేబుళ్ళూ విప్పి చూశాను. మూడు నిజంగానే వదులుగా ఉన్నాయి," అన్నారు.

ఆ మూడింటి మాట వినగానే లోపల ఎక్కడో సంతోషం వేసింది. నేనింకా బాగుపడలేదు.

మార్చి 11, సోమవారం

9.00. మీటింగులో ఒప్పుకున్నాను. చెవులు కాలిపోయాయి. ఈ రోజు నుంచి నియమం మళ్ళీ మొదలు. ఈసారి ముందు నా కోడే చూస్తాను.

9.20. కొత్త ఫిర్యాదు. ఒక్కో ప్యాకెట్ రెండేసిసార్లు వెళ్తోందట.

9.40. చూశాను. నా తప్పేమీ లేదు.

9.41. ఎనిమిది వందల వరుసలు ఇరవై నిమిషాల్లో ఎవరూ చదవలేరు. మళ్ళీ మొదటి వరుస నుంచి.