తాళం వేసిన మాత్రలు

కమలా,

మన కూతురు పద్మ పోయిన రోజున, మేనరికాలు ఇక వద్దని డాక్టరు చెబితే, ఈ ఇంట్లో ఇక మేనరికం చెయ్యనని నీకు మాటిచ్చాను. నువ్వు పోయిన రెండేళ్ళకే తప్పాను. పొలం చీలిపోకూడదని మా చెల్లెలి కూతుర్నే మన వాడికి చేశాను.

ఇప్పుడు ఐదేళ్ళ మనవరాలికీ బ్లడ్ క్యాన్సరే. పద్మకి వేసిన మాత్రే రాశారు. ముందు జన్యు పరీక్ష చెయ్యాలన్నారు.

"ఈ మందుని అరిగించే జన్యువులో లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే, పాప మామూలు డోసు కూడా తట్టుకోలేదండీ. అప్పుడు పదో వంతే ఇస్తాం," అన్నాడు డాక్టరు. "మేనరికమా?" అని అడిగాడు.

"మీరు చదవని పుస్తకం లేదుగా మావయ్యా, మేనరికం సంగతి ఎక్కడా రాయలేదా?" అంది కోడలు.

పద్మకి నోరంతా పూసి, తెల్లకణాలు పడిపోతుంటే నువ్వు మాత్ర ఆపమని ఏడ్చావు. కోర్సు ఆపకూడదని పుస్తకం చూపించింది నేను.

రిపోర్టు రేపొస్తుంది. ఎవరూ తొందరపడి వెయ్యకుండా మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేశాను. గంటకోసారి తాళం లాగి చూస్తున్నాను.

మన పెళ్ళి కుదిర్చిన మీ నాన్నని, నా మేనమామని, ఇన్నాళ్ళూ తిట్టాను. ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పించుకుని కూడా చేసినవాడు నీ మొగుడు వెంకటేశ్వర్లే.