నాయన ఆకులో గోధుమ కూర

మార్కాపురం,
సెప్టెంబరు 9, 2025

ప్రియమైన వదినకు, యశోద నమస్కారాలు.

ఇవాళ్టి పనులు: దుప్పట్లు ఉతికాను, కరెంటు బిల్లు కట్టాను, ఎండుమిరపకాయలకు తొడిమలు తీశాను. చివరగా గోధుమ పిండి కడిగాను. పిండిని కడగడమేమిటని నవ్వుతావు. ఫోనులో నీకు వినపడదు కనుక అంతా రాస్తున్నాను.

పెద్దల అమావాస్య వస్తోంది. మామ పోయి ఏడాది దాటింది, ఆయన పేరున ఆకు వేయడం ఇదే మొదలు. నీకు కన్నతండ్రి అయినా చివరి రెండేళ్ళూ నా చేతి కూడు తిన్నాడు. ఒకరోజు మజ్జిగ తాగుతూ నాతో అన్నాడు: "అమ్మా, బతుకంతా గొర్రెలు కాసినా. అన్నీ నన్ను నమ్మి ఎనకమాల నడిచినాయి. యాడికి తోలుకపోతున్నానో వాటికి తెల్వదు. నేను సచ్చినాక నా ఆకులో ముక్క ఎయ్యొద్దు." అప్పుడు మీ తమ్ముడు ఇంట్లో లేడు. విన్నదాన్ని నేనొక్కదాన్నే.

మాంసం లేకపోతే మన పెద్దల ఆకు బోసిపోతుంది. అందుకే ఫోనులో ఒకామె చూపించినట్టు పిండి గట్టిగా కలిపి, నీళ్ళలో నానబెట్టి, పిసుకుతూ కడిగాను. నీళ్ళు పాలలా పోతుంటే పారబోస్తూ మళ్ళీ పోశాను. అంతా కరిగిపోతుందనుకున్నాను వదినా. నీళ్ళు తేటపడేసరికి చేతిలో ఒక ముద్ద మిగిలింది. లాగితే సాగింది. చీలిస్తే తొడ కండలాగా నారలు నారలుగా వచ్చింది. రోజూ చపాతీ ఒత్తే పిండిలోనే ఇది ఉందా అని నీళ్ళ చేతులతో అక్కడే కూర్చుండిపోయాను.

కూర మాత్రం చెడిపోయింది. సలసల మరిగే నీళ్ళలో వేశాను, ఉబ్బి బెండులాగా అయింది. ఈసారి నిప్పుల మీద సన్నసెగకు పెడతాను. నువ్వు పెద్దబిడ్డవు. నువ్వు ఒప్పుకుంటే నా మనసు కుదుటపడుతుంది.

నీ జవాబు కోసం చూస్తూ,
యశోద


కొనకనమిట్ల,
సెప్టెంబరు 13

ప్రియమైన యశోదకు,

పిండి కడిగి ముక్క తీసినావా? రేపు నీళ్ళు చిలికి నెయ్యి తీసేటట్టున్నావే!

నాయన జ్వరంలో కూడా బొమికలు జుర్రినోడు. ముక్క లేంది ముద్ద ఎత్తినాడా ఎప్పుడన్నా? అట్లాంటోడు ముక్క వద్దన్నాడా? అన్నా నీతోనే అన్నాడా? నేను నెలకోసారి వచ్చి ఆయన మంచం పక్కనే కూచుంటి. కడుపున పుట్టినదానికి ఒక్క మాట చెప్పలేదా?

నీ ఇష్టం. ఆకు మిద్దె మీద పెట్టి చూడు. కాకి ముట్టకపోతే నాయన ఆకలితో తిరిగిపోయినట్టే. ఆ ఉసురు నీకు, మా తమ్ముడు ధనుంజయకు. నేను రాను. ఇక్కడ నేను చేసేది నేను చేసుకుంటా.

కోపం ఉన్నా నీ మేలు కోరే,
అలివేలమ్మ


మార్కాపురం,
సెప్టెంబరు 22

ప్రియమైన వదినకు,

నిన్న నువ్వు లేని లోటు ఇల్లంతా కనిపించింది.

తెల్లవారకముందే కుంపటి రాజేశాను. ముద్దను పొడుగ్గా లాగి, జడలా మెలిపెట్టి, ముడివేసి కోశాను. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి, ధనియాలు, ఎండుకొబ్బరి, గసాలు నూరి వేశాను. మట్టికుండకు మూత పెట్టి, రవ్వంత కదలిక తప్ప ఉడుకు రానివ్వకుండా నిప్పులు వెనక్కి ముందుకి జరుపుతూ కూర్చున్నాను. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి మసాలా ముక్క లోపలికి దిగి, నూనె పైకి తేలింది. గోడ అవతలి నుంచి హెలెన్ కేకేసింది: "యశోదక్కా, పొట్టేలా మేకపోతా? చర్చికి పోనిచ్చేటట్టు లేవే!"

ఆకు మిద్దె మీద పెట్టాం. కాకి పిట్టగోడ మీద వాలింది. చూసింది. దిగలేదు.

తీరని కోరిక ఉంటే కాకి ముట్టదంటారు కదా. ఒక్కొక్కరం మాట ఇచ్చాం. మీ తమ్ముడు చేతులు జోడించి, "నాయనా, బీడీలు మానేస్తా" అన్నాడు. కాకి ఎగిరి అవతలి మిద్దె మీదికి పోయింది. "ఆ మాట నాయన కూడా నమ్మలా" అన్నాడు తనే. నేను "మామా, వదినను నొప్పించాను, పోయి కాళ్ళు పట్టుకుంటాను" అన్నాను. అదీ కాదు. అన్నం ఎండిపోతోంది. నీ మాటలే గుర్తొచ్చాయి. ఆయన చెప్పింది నేనే తప్పుగా అర్థం చేసుకున్నానేమో అనిపించింది.

మసీదులో మధ్యాహ్నం బాంగు వినిపించి ఆగిపోయింది. మేమెవ్వరం కొత్తగా ఏ మాటా ఇవ్వలేదు. కాకి తిన్నగా వచ్చి వాలింది. పప్పు చూడలేదు, వడ చూడలేదు. ఒక కాలితో ముక్కను తొక్కిపట్టి, ముక్కుతో నారలు నారలుగా చీల్చి తిన్నది. ఎందుకు అంతసేపు రాలేదో, ఎందుకు అప్పుడు వచ్చిందో నాకు తెలియదు వదినా.

తర్వాత మీ తమ్ముడు తింటూ, నములుతూ ఆగిపోయాడు. "ఇది పిండేనా?" అన్నాడు. ఇంకో ముక్క వేసుకున్నాడు.

నీ మన్నింపు కోరుతూ,
యశోద


కొనకనమిట్ల,
సెప్టెంబరు 25

ప్రియమైన నా యశోదకు,

నీ జాబు చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివినా. ఇది విను.

నీ గోధుమ కూరను నమ్మక నేను నాయన పేరున పొట్టేలును తెచ్చినా. అమావాస్యనాడు పొద్దున్నే దాని మీద పసుపునీళ్ళు చల్లినా. ఒళ్ళు దులపాల. దులిపితేనే ఒప్పుకున్నట్టు. దులపంది మనోళ్ళు కత్తి ఎత్తరు గదా. అది దులపలా. చెంబుతో పోసినా, దులపలా. చెవుల్లో చల్లినా, దులపలా. కొయ్యడానికొచ్చిన ఆనంద్ విసుక్కున్నాడు: "అత్తా, నీకు చెవుడు, నీ పొట్టేలు మొద్దు. నాకు ఇంకా మూడిళ్ళు ఉండాయి."

ఎండెక్కిందని దాన్ని నీడకు తీసకపోదామని తాడు పట్టినా. లాగలేదు యశోదా. తాడు వదులుగా ఉంది. నేను నిలబడితే నిలబడింది, నడిస్తే నడిచింది. తిరిగి చూస్తే నా ముఖంలోకి చూస్తా ఉంది. వీధిలో సాయిబులు మధ్యాన్నం నమాజుకు పోతా ఉన్నారు. "సరే నాయనా" అని తాడు విప్పేసినా.

అప్పుడు దులిపింది. తల నుంచి తోక దాకా. పసుపునీళ్ళు నా మీద, ఆనంద్ మీద వానలాగా పడినాయి. అదే పొద్దు, నీ మిద్దె మీద కాకి దిగిన పొద్దు.

నాయన నీతోనే చెప్పినాడు, నాతో చెప్పలేదని ఏడ్చినా. చెప్పినాడమ్మా. నాకు చెవులు వినపడవని నాకు తెలిసే తీరులో చెప్పినాడు.

వచ్చే వారం వస్తా. ఆ పిండి నా చేత్తో కడుగుతా, నువ్వు పక్కన నిలబడి చూపించు. పొట్టేలు పెరట్లో మేస్తా ఉంది. దాన్ని సగం అప్పు పెట్టి తెచ్చినా, ఇయ్యాల ఆ డబ్బులు ఇచ్చేసినా. ఇంక అది ఎవురికీ బాకీ లేదు.

నీ వదిన,
అలివేలమ్మ